బరువు డబ్బా

క్యాబిన్‌లో ఉన్నది ఇద్దరు మనుషులు. ఇద్దరూ మాట్లాడేది మాత్రం లారీతోనే.

"ముందు గుంత ఉంది. చూసుకుంటే మంచిది," అన్నాడు చిన్నోడు, ఎదుటి అద్దానికి చెబుతున్నట్టు.

"నాకూ కళ్ళున్నాయి లేవే," అన్నాడు బావ, స్టీరింగుతో.

గుంత దాటింది. వెనక ట్రైలరు మీద ఇల్లంత బాయిలరు ఒకసారి మూలిగి ఊరుకుంది. మళ్ళీ ఇద్దరికీ నోళ్ళు మూతపడ్డాయి.

బావ అంటే నిజంగా బావే, చిన్నోడి అక్క మొగుడు. చిన్నోడు పొద్దస్తమానం బావా బావా అని పిలవడం విని విని, యార్డులో క్రేను ఆపరేటరు నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. ఒకసారి మేనేజరు కూడా నోరు జారి "ఏం బావా, లోడయిందా?" అనేసి, ఆ తర్వాత చాలా రోజులు మొహం చాటేశాడు. ఇక చిన్నోడికి నలభై దాటాయి. తండ్రి పెట్టిన పిలుపు కాబట్టి అరవై వచ్చినా వాడు చిన్నోడే.

ఇద్దరికీ లారీ నేర్పింది ఆ తండ్రే, బావకు మామయ్య. పోయినేడాది పోయాడు. ఆయన ఉండి ఉంటే ఈ మూగనోము మొదలయ్యేదే కాదు. ఇద్దరి నెత్తినా చెరొకటి మొట్టి టీ తాగడానికి తీసుకెళ్ళేవాడు.

గొడవ లోడింగు యార్డులో మొదలైంది. బాయిలరుకు గొలుసులు బిగిస్తూ చిన్నోడు మామూలుగానే అన్నాడు, "బావా, ఈసారి కొండెక్కేటప్పుడు టాపు గేరు పట్టుకుని వేలాడకు. మొన్న సగం లోడుకే ఆయిల్ వేడెక్కిపోయింది."

బావకు టాపు గేరంటే ప్రాణం. గేరు దించడమంటే తలపాగా దించినంత పని అనుకునే రకం. పైగా క్రేను వాళ్ళంతా వింటున్నారు. "బండేమన్నా మీ అయ్య కొనిచ్చాడా, నాకు చెప్పొచ్చావు?" అన్నాడు.

రోడ్డు మీద రోజుకు పదిమంది అనుకునే మాటే అది. ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ వచ్చిన చిక్కల్లా, నిజంగానే వాడి అయ్య కొనిచ్చాడు. మామయ్య తన పాత లారీని, అత్తయ్య కన్నా ఎక్కువ ముద్దుగా చూసుకున్న దాన్ని, అమ్మేసి ఈ బండి కొనడానికి ఆసరా ఇచ్చాడు. "ముందు చక్రాలు రెండూ నావిరా, మిగతావి మీరు పంచుకోండి," అనేవాడు నవ్వుతూ. ఆ సంగతి క్రేను వాళ్ళకీ తెలుసు. అందుకే ఆ మాట పడగానే అందరూ గొలుసులకేసి చూశారు. చిన్నోడు మాత్రం చేతిలో పని పూర్తిచేసి, బిగింపు సరిచూసి, క్యాబిన్ ఎక్కి కూర్చున్నాడు. అప్పటి నుంచి, దారి పర్మిట్టు రావడానికి పట్టిన వారం రోజులూ, బావతో ఒక్క మాట లేదు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. తీసుకోవడం కుదరకపోయినా కనీసం వంగి చూడొచ్చు. బావ అదీ చేయలేదు. తప్పు అని నోట్లో మాట ఉండగానే తెలిసినా, తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని బిగుసుకుపోయాడు.

అయినా పని ఆగదు కదా. ఇంత పొడుగు ట్రైలరు మలుపు తిరగాలన్నా, వెనక్కి పోవాలన్నా, ఒకడు దిగి తోక దగ్గర నడుస్తూ చెప్పాలి. ఇన్నేళ్ళూ చిన్నోడు "రానీ బావా, రానీ... హాఁ ఆపు!" అని అరిచేవాడు. ఆ గొంతు పట్టుకుని బావ కళ్ళు మూసుకుని కూడా బండిని గేట్లో దూర్చేవాడు. ఇప్పుడు వాడు విజిల్ కొనుక్కున్నాడు. ఒకసారి ఊదితే ఆపమని, రెండుసార్లు ఊదితే రమ్మని. ఆ విజిల్ మెడలో వేసుకుని తిరుగుతుంటే చూసి బావకు ఒళ్ళు మండిపోయింది.

బయల్దేరే ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర భార్య అసలు సంగతి చెప్పింది. "ఈ ట్రిప్పు దింపాక మా తమ్ముడు వేరే బండెక్కుతున్నాడు. వాళ్ళకు మాట కూడా ఇచ్చేశాడు. మీరిద్దరూ సర్దుకుంటారో, నన్ను రోట్లో వేసి రుబ్బుతారో మీ ఇష్టం."

"పోతే పోనీ. నాకేమన్నా మనుషులు దొరకరా?" అన్నాడు బావ.

మనుషులు దొరుకుతారు. ఆ సంగతి తలుచుకుంటూనే తెల్లార్లూ పక్క మీద దొర్లాడు. మీసాలు రాని రోజుల్నుంచి పక్క సీట్లో కూర్చున్నవాడు, అద్దంలో చూడక్కర్లేకుండా ఎడమ పక్క ఎంత చోటుందో చెప్పేవాడు, ఎక్కడ దొరుకుతాడు?

ఇప్పుడు బరువు డబ్బా గురించి చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

మామయ్య నేర్పిన పద్ధతుల్లో అదొకటి. పెద్ద బరువు లాగబోయే ముందు ఇంజనుకు ఒక డబ్బా ఆయిల్ ఎక్కువ పొయ్యాలి. కొలిచి చూడక్కర్లేదు. "బస్తా ఎత్తబోయే మనిషికి ఒక ముద్ద ఎక్కువ పెట్టమా? ఇదీ అంతే," అనేవాడు. దానికి బరువు డబ్బా అని పేరు పడింది. పోసే పని చిన్నోడిది. "పోశావా?" అని బావ అడగాలి. "పోశా," అని వాడు చెప్పాలి. ఆ తర్వాతే తాళం తిప్పాలి.

ఈసారి అడిగే దారి లేదు. అడిగితే ముందు మాట్లాడినవాడవుతాడు. కోపంలో ఉన్నవాడు పోసి ఉండడులే అనుకుని, లోడయిన సాయంత్రం చిన్నోడు స్నానానికి వెళ్ళినప్పుడు బావే బానెట్టు ఎత్తి ఒక డబ్బా వంచేశాడు. ఆయిల్ మట్టం కొలిచే పుల్ల తీసి చూశాడు. ఆయిల్ పై గీత దాటి ఉంది. బరువు డబ్బా పోసిన రోజు దాటే ఉంటుంది. తృప్తిగా పుల్ల తుడిచి పెట్టేశాడు.

బయల్దేరిన రోజు పొద్దున చిన్న చిన్న మిట్టలకే ఆయిల్ వేడి చూపే ముల్లు కదలడం మొదలుపెట్టింది. డీజిలు కొట్టించుకోవడానికి ఆగినప్పుడు చిన్నోడు టైర్లు తట్టి చూస్తూ వెనక్కి వెళ్ళాడు. బావ గబగబా పుల్ల లాగాడు. వేడి ఇంజను, పుల్ల పొడుగునా ఆయిల్ అంటుకుని ఉంది. గీత ఎక్కడో తెలియలేదు. వేడెక్కుతోందంటే తక్కువై ఉంటుందిలే అని ఇంకో డబ్బా తీసి సగం పోశాడు. ఆ తర్వాత మొహం కడుక్కోవడానికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి చిన్నోడు చేతులు తుడుచుకుంటూ కనిపించాడు. టైర్ల మట్టి అయి ఉంటుందనుకున్నాడు బావ.

కొండ మొదలైంది. పైన మిట్ట మీద కాగితం మిల్లు ఉంది. బాయిలరు అక్కడికే చేరాలి.

డాష్‌బోర్డు మీద పక్కపక్కనే వేడి చూపే ముళ్ళు రెండు ఉంటాయి. ఒకటి నీళ్ళ వేడికి, ఒకటి ఆయిల్ వేడికి. చాలామంది డ్రైవర్లు నీళ్ళ ముల్లు చూసి ఊరుకుంటారు. మామయ్య మాత్రం రెండోదే అసలుదని చెప్పేవాడు. "నీళ్ళు పొంగితే ఆవిరి కనబడుద్ది. ఆయిల్ పలచబడితే ఏమీ కనబడదు. లోపల బేరింగులు అరిగిపోయాక గాని తెలవదు." ఆ రోజు నీళ్ళ ముల్లు మధ్యలో బుద్ధిగా కూర్చుంది. ఆయిల్ ముల్లు ఎర్ర గీత వైపు బయల్దేరింది.

బావ టాపు గేరులోనే ఉన్నాడు. ఇంజను గుడగుడలాడుతూ ఈడుస్తోంది.

"గేరు దిగితే ఫ్యాను తిరుగుద్ది, పంపు తిరుగుద్ది. ఆ సంగతి కొందరికి తెలిస్తే బాగుండు," అన్నాడు చిన్నోడు అద్దంతో.

బావ పళ్ళు బిగించాడు. మలుపు దాటాక ముల్లు ఇంకాస్త జరిగింది. అప్పుడు గేరు దించాడు. ఇంకొకటి దించాడు. ఇంజను మోత పెరిగింది, ఫ్యాను హోరెత్తింది. ముల్లు నెమ్మదించింది గానీ ఆగలేదు. దాని పక్కనే ఉన్న ఆయిల్ ప్రెషరు ముల్లు చలిజ్వరం వచ్చినట్టు వణకడం మొదలుపెట్టింది. అది చూశాక బావకు భయం వేసింది. గేరు దించినా దిగని వేడి అతనెప్పుడూ చూడలేదు. ఈ బండి ఇక్కడ కూలబడితే మళ్ళీ లేవదు. లేవకపోతే చిన్నోడు వేరే బండెక్కడానికి ట్రిప్పు దింపేదాకా ఆగక్కర్లేదు. ఇక్కడే దిగి నడిచి వెళ్ళిపోవచ్చు.

పై మలుపులో రోడ్డు వెడల్పుగా ఉంది. అక్కడొక టీ కొట్టు. బండిని పక్కకు తీసి, కాసేపు ఊరికే తిరగనిచ్చి, ఆపేశాడు. చిన్నోడు దిగి చక్రాలకు రాళ్ళు పెట్టాడు.

టీ కొట్టు నడిపే ఆవిడ ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"రెండు టీలమ్మా," అన్నాడు బావ. "ఆయన దాంట్లో చక్కెర తక్కువెయ్యండి."

"చక్కెర తక్కువ తాగేది ఎవరో ఆయన్నే అడగండి," అన్నాడు చిన్నోడు. "డాక్టరు చెప్పింది నాకు కాదు."

"మీరిద్దరూ ఒకే బండిలో వచ్చారుగా?" అంది ఆవిడ.

ఇద్దరూ తలూపారు.

"మాట్లాడుకోకుండా ఒకే చోట పడుండేది మొగుడూ పెళ్ళాలే అనుకున్నాను ఇన్నాళ్ళూ," అని గ్లాసులు వాళ్ళ ముందు పెట్టి వెళ్ళింది.

బావ టీ గొంతులో పోసుకుని లేచాడు. ఆయిల్ ఇంకా కావాలేమో, ఎక్కడో కారిపోతోందేమోనని అతని అనుమానం. బండి కిందికి వంగి చూశాడు. నేల పొడిగా ఉంది. ట్రైలరు పక్కనున్న సామాన్ల పెట్టె తెరిచాడు. లోడుకు ముందు అందులో నాలుగు ఆయిల్ డబ్బాలు నిండుగా వరసగా ఉన్నాయి. తను వాడింది ఒకటిన్నర. ఇప్పుడు చూస్తే నిండు డబ్బా ఒక్కటీ లేదు. ఖాళీవి మూడు, సగం ఖాళీది ఒకటి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

పెట్టె మూశాడు. తర్వాత వెళ్ళి పుల్ల లాగాడు. ఇంజను ఆగి కొంతసేపయింది కాబట్టి ఈసారి స్పష్టంగానే కనబడింది. పై గీత ఎక్కడో కింద ఉంది. దానికి జానెడు పైదాకా ఆయిల్, చిలికిన మజ్జిగలా నురగ.

సంగతి మొత్తం అర్థమైంది. అడగాల్సిన మాట ఒక్కటే మిగిలింది. అడిగితే ముందు మాట్లాడినవాడు తనే అవుతాడు. బావ పుల్ల పట్టుకుని టీ కొట్టు దాకా నడిచి, చిన్నోడి ఎదురుగా నిలబడ్డాడు.

"పోశావా?" అన్నాడు.

చిన్నోడు గ్లాసు కింద పెట్టాడు. అద్దం వైపూ చూడలేదు, రోడ్డు వైపూ చూడలేదు. వారం తర్వాత మొదటిసారి బావ మొహంలోకి చూశాడు.

"పోశా," అన్నాడు.

"ఎప్పుడు?"

"లోడు రోజు మధ్యాహ్నమే. ఎప్పుడూ పోసేది నేనేగా."

"మళ్ళీ?"

"పొద్దున డీజిలు కొట్టించినప్పుడు ఒకటి. నువ్వు మొహం కడగడానికి పోయినప్పుడు. ముల్లు లేస్తోంది కదా, తక్కువైందేమోనని..."

"నేనూ పోశానురా," అన్నాడు బావ. "లోడు రోజు సాయంత్రం ఒకటి, పొద్దున సగం."

చిన్నోడు లేచి వచ్చి పుల్ల తీసుకుని చూశాడు. "ఓరి నాయనో! లోపల తిరిగే క్రాంకు దీంట్లో ములిగి చిలుకుతోంది బావా. చిలికితే వేడెక్కదూ మరి? నురగొస్తే ప్రెషరెక్కడ నిలుస్తుంది?"

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది మన వైద్యం."

"ఇద్దరు వైద్యులు, మాటల్లేవు. ఇంకేం బతుకుద్ది రోగి?" అన్నాడు చిన్నోడు. నవ్వబోయి, తను కోపంలో ఉన్న సంగతి గుర్తొచ్చి ఆపుకున్నాడు.

వేడి ఆయిల్‌ను వెంటనే దించలేరు, చేతులు కాలిపోతాయి. ఇంజను చల్లబడేదాకా ఇద్దరూ బండి నీడలో కూర్చున్నారు. టీ కొట్టావిడ దగ్గర ఒక పాత తట్ట అడిగి తెచ్చాడు చిన్నోడు. దాన్ని చేతిలో తిప్పుతూ ఏదో ఆలోచిస్తున్నాడు.

"బావా, నాన్న పాత బండి కింద ఎప్పుడూ ఒక తట్ట ఉండేది, గుర్తుందా?"

"ఉండేది. ఆపిన చోటల్లా పెట్టేవాడు. ఇంజను వెనక ఆయిల్ సీలు కారేది కదా, ఎన్నిసార్లు మార్చినా..." బావ ఆగిపోయాడు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కొండెక్కితే ఇంకా కారేది," అన్నాడు చిన్నోడు మెల్లగా. "డబ్బా ఎక్కువ పోస్తే, ఎక్కి దిగేసరికి సరిగ్గా గీత మీదికి వచ్చేది."

"అంటే బరువు డబ్బా..."

"కారే బండికి రాసిన మందు! బండి కారుతోందని ఒప్పుకోవడానికి మనసు రాక, బస్తా, ముద్ద అని కథ చెప్పాడు. ఈ బండి ఒక చుక్క కారదు. మనం ప్రతి పెద్ద లోడుకీ ముద్ద ఎక్కువ పెడుతూనే ఉన్నాం. ఎక్కుడులో ముల్లు లేచినప్పుడల్లా నేను నీ టాపు గేరును తిట్టుకున్నా."

"నేను ఎండల్ని తిట్టుకున్నా," అన్నాడు బావ.

అప్పుడిక ఆగలేదు. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వుతుంటే బావకు మామయ్య మీద ప్రేమ పొంగుకొచ్చింది. తన బండిని పరాయివాళ్ళ ముందు ఒక్క మాట అననివ్వని మనిషి. ఆ మనిషి ఇచ్చిన బండినే తను యార్డులో నలుగురి ముందు ఆయనకేమీ కాకుండా చేసేశాడు. నవ్వు సగంలో ఆగింది.

"యార్డులో అన్న మాట..." అన్నాడు.

"వదిలెయ్ బావా."

"వదలను. నాకు చెప్పనీ. బండి మామయ్యదేరా. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే తెలుసు నాకు. తప్పయింది."

చిన్నోడు తట్టను నేల మీద పెట్టాడు. "నువ్వు అన్నందుకు కాదు. నోరు నాకూ జారుద్ది. అన్నాక వారం రోజులు ఆ మాట మీద గుడ్డు పెట్టిన కోడిలా కూర్చున్నావే, అందుకు మండింది."

"మరి అంత మండినోడివి, పోయేవాడివి, నా బండికి ఆయిల్ ఎందుకు పోశావు?"

"పోయేవాడిని కాబట్టే. నేను లేకపోతే నువ్వు పుల్ల తీసి చూడవని నాకు తెలుసు. ఈ ఒక్క ట్రిప్పన్నా బండి క్షేమంగా చేరాలిగా."

బావ అడగాలనుకున్నది అడగడానికి టాపు గేరు దించినదానికన్నా ఎక్కువ కష్టపడ్డాడు. "ఉండిపోరా," అన్నాడు చివరికి. "ఇంకో మనిషితో నాకు బండి నడవదు."

చిన్నోడు ఇంజను అడుగున చెయ్యి పెట్టి చూశాడు. "గోరువెచ్చగా అయింది. వాళ్ళకు మాట ఇచ్చాను బావా. ఇప్పుడేం చెప్పలేను. ముందు తట్ట పట్టు."

వాడు బండి కింద దూరి ఆయిల్ ఛాంబరు అడుగున ఉండే నట్టు వదులు చేశాడు. ఆయిల్ ధారగా పడింది. తట్ట నిండితే బావ ఖాళీ డబ్బాల్లోకి వంచాడు, మళ్ళీ పట్టాడు. మధ్యలో నట్టు వేలి సందు నుంచి జారి తట్టలో పడింది. "పట్టు పట్టు" అని వాడు, "ఏది ఏది" అని ఇతను, ఇద్దరూ మోచేతుల దాకా ఆయిల్‌లో దేవి దాన్ని బయటికి తీశారు. ఆవిడ కొట్లోంచి చూసి, "ఇంతకన్నా మూగగా ఉన్నప్పుడే నయం," అంది. ఆయిల్ ఆగాక కాసేపు కూర్చుని పుల్ల తీశారు. తుడిచి, ముంచి, మళ్ళీ తీశారు. సరిగ్గా పై గీత దగ్గర ఉంది. ఇద్దరూ చూశారు. ఎవరూ చుక్క పొయ్యలేదు.

బండి కదిలింది. మొదటి ఎక్కుడు రాకముందే బావ తనంతట తనే గేరు దించాడు. చిన్నోడు చూసీ చూడనట్టు కిటికీ వైపు తిరిగాడు. ప్రెషరు ముల్లు వణకడం మానేసింది. ఆయిల్ ముల్లు ఎక్కింది. అంత బరువు లాగుతుంటే ఎక్కకుండా ఎలా ఉంటుంది? ఎక్కి, ఎర్ర గీతకు చాలా ఇవతలే ఆగింది. కొండ పైదాకా అక్కడే ఉంది.

దారిలో ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఈసారి లారీతో కూడా మాట్లాడలేదు. బావ ముల్లు చూసి నిశ్చింతపడ్డాడు. పక్క సీటు చూస్తే మాత్రం దిగులు పుట్టింది. ఇచ్చిన మాట తప్పే రకం కాదు చిన్నోడు. తండ్రి పోలిక.

మిల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. గేటు ఇరుకు. లోపల పునాది దిమ్మ దాకా ట్రైలరును వెనక్కి నడిపించాలి. ఒక పక్క గోడ, ఒక పక్క కొత్తగా కట్టిన పొగ గొట్టం. మిల్లు వాళ్ళంతా గుమిగూడారు. చిన్నోడు ఫోను చెవికి పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతూ దిగాడు. బావకు వినబడింది వాడి చివరి మాట ఒక్కటే. "లేదండీ, తప్పు నాదే. ఏమనుకోకండి." ఫోను జేబులో వేసుకుని వాడు తోక వైపు నడిచాడు.

బావ వెనక గేరు వేసి, క్లచ్చి మీద కాలు పెట్టి ఆగాడు. రెండు ఈలల కోసం చెవి ఒగ్గాడు. అప్పుడు కనబడింది, విజిల్ పక్క సీటు కొక్కేనికి తాడుతో వేలాడుతోంది. వాడు తీసుకెళ్ళలేదు.

అద్దంలో వెనకంతా గోడ నీడే ఉంది, వాడు కనబడలేదు. ఇంజను హోరు మీదుగా గొంతు మాత్రం వచ్చింది, మిల్లు వాళ్ళంతా తలలు తిప్పి చూసేటంత గట్టిగా.

"రానీ బావా! రానీ... రానీ..."

బావ క్లచ్చి వదిలాడు. కళ్ళలో నీళ్ళు నిండి అద్దం మసకబారింది. తుడుచుకోవాల్సిన అవసరం కనబడక, ఆ గొంతు పట్టుకుని అలాగే వెనక్కి నడిపించాడు.